తొంభయ్యో గడి

ప్రేమ్ చొక్కాలు ఉతకడం నాకు ఇష్టంగా ఉండేది. పెళ్లై మూడు నెలలే కదా! తీగ మీద నా పసుపు చున్నీ పక్కన అతని నీలం చొక్కా ఊగుతుంటే నిలబడి చూసేదాన్ని. డిగ్రీ చదివినదానివి, చొక్కాను చూసి నవ్వుతావేమే అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. ఆ రోజు జేబు తిరగేస్తే కుట్టులో తెల్లగా ఏదో ముద్దకట్టి ఉంది. గోటితో గీకాను. సగం కరిగిన మాత్ర. దాని కింద ఇంకోటి.

రోజూ పొద్దున నా చేత్తో అతని నాలుక మీద పెట్టిన మాత్రలు.

అత్తగారిది మునగాల. ప్రేమ్ బడి వ్యాన్ నడిపేవాడని తెలిసే చేసుకున్నాను. తాగి వ్యాన్‌ను కల్వర్టు గోడకు కొట్టాడని, బడివాళ్లు తాళం లాక్కున్నారని పెళ్లయ్యాకే తెలిసింది. ప్రతి మంగళవారం సూర్యాపేటలో చర్చివాళ్లు నడిపే మందు మాన్పించే క్లినిక్‌కు వెళ్లేవాళ్లం. డాక్టరు పది నిమిషాలు, బైబిల్ వాక్యం గంట. చాయ్ పోసేది భార్యలు. అక్కడే ఓ కార్డు ఇచ్చారు. తొంభై గడులు. రోజూ భార్య ప్రార్థన చేసి మాత్ర వేయాలి, గడిలో సంతకం పెట్టాలి. తొంభయ్యోది మాత్రం చర్చి సంఘం ముందు. కార్డు నిండితే తాళం తిరిగి ఇస్తామని బడివాళ్లు అన్నారు.

పిచ్చిదాన్ని, ఆ కార్డు చూసి మురిసిపోయాను. అతని ఇంటిపేరుతో నా కొత్త సంతకం, చివర చిన్న మెలిక. నిశ్చితార్థం అయిన రోజు నుంచి కోదాడలో మా ఇంట్లో పాత నోట్సుల వెనక సాధన చేసింది. దాన్ని పెట్టుకోవడానికి మొదట దొరికిన చోటు అదే.

"నలగ్గొట్టి నీళ్లల్ల కలిపి తాగించు బిడ్డా," అని క్లినిక్‌ నర్సు సిస్టర్ విజయలక్ష్మి మొదటి రోజే చెప్పింది. "ప్రార్థన మర్చినా దేవుడు ఏమనడు. నీళ్లు మర్వకు."

ప్రేమ్ మాత్రం, "నీళ్లల్ల చేదుంటది నవ్వీ. చర్చిల ప్రభు బల్ల కాడ రొట్టె పెట్టినట్టు నీ చేత్తోని పెట్టు," అనేవాడు. వేళ్లు కొరికినట్టు నటించేవాడు. నేను కిలకిలా నవ్వేదాన్ని. ఆ నవ్వుల మధ్యే మాత్ర దవడలోకి, అక్కణ్ణుంచి జేబులోకి పోయేదన్నమాట.

అడిగితే కోప్పడలేదు. దానికే భయం వేసింది. "నా మీద విశ్వాసం లేదా? సూడు, వాసనొస్తుందా?" అన్నాడు. లవంగం వాసన. దాని కింద ఇంకో వాసన.

అత్తమ్మ బియ్యం చెరుగుతూ తల ఎత్తలేదు. "ఇంక మూడు వారాలే గద. సంతకం పెడితే చెయ్యేమన్న అరుగుతదా? భార్య విశ్వాసమే సగం మందని పాస్టరయ్య అనలే? వాడు తాగిండంటే నీ ప్రార్థన సాలలేదన్నట్టు."

తాగుడు అతనిది, లోపం నాది. అయినా సంతకం పెట్టాను. రోజుకొకటి, మెలికతో సహా. నీళ్లలో కలిపి ఇస్తే "తర్వాత తాగుత" అని గులాబీ కుండీలో పోసేవాడు. సిగ్గేంటంటే, ఆ రోజుల్లోనూ నాకు సంతోషాలుండేవి. వేడి మిర్చి బజ్జీలు తెచ్చి నా నోట్లో పెట్టేవాడు. బస్సులో నా భుజం మీద నిద్రపోయేవాడు.

తొంభయ్యో రోజు పొద్దున, బస్సుకు బయలుదేరుతుంటే పక్కింటి అశ్విని గోడ మీది నుంచి తొంగి చూసింది. రెండో తరగతి. "అక్కా, అన్న మళ్ల మా వ్యాన్ నడుపుతడంట గద! ముందు సీటు నాదే. ఎవ్వలకియ్యద్దని చెప్పు."

దారంతా ప్రేమ్ ఈల వేస్తూనే ఉన్నాడు.

"నన్ను నిలబెట్టింది దేవుడు, ఆ తర్వాత నవనీత," అని క్లినిక్‌లో సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాడు. చప్పట్లు. సిస్టర్ కార్డు, పెన్ను, చివరి మాత్ర నా చేతికిచ్చింది. ప్రేమ్ అలవాటుగా నోరు తెరిచాడు. కళ్లు నవ్వుతున్నాయి. ఆ నవ్వంటే నాకిప్పటికీ ఇష్టమే.

"సిస్టర్, గ్లాసు నీళ్లు, చెంచా ఇస్తారా?" అన్నాను.

అతని నోరు మూసుకుంది. "నవ్వీ, ఇంటికాడ మాట్లాడుకుందాం," అని గొణిగాడు.

"ఏందే ఇది, సంతకం పెట్టక!" వెనక వరసలోంచి అత్తమ్మ.

సిస్టర్ నీళ్లు తెచ్చింది. ప్రేమ్ మొహం చూసింది. దగ్గరికెళ్లి ఊపిరి వాసన చూసింది. గ్లాసు నాకివ్వకుండా బల్ల మీద దూరంగా పెట్టేసింది. మందు తాగి ఉన్నవాళ్లకు ఆ మాత్ర ఇవ్వకూడదు, ప్రాణం మీదికొస్తుంది.

"పొద్దుగాలనే తాగినవా కొడుకా?"



నేను పెన్ను మూత తీశాను. తొంభయ్యో గడి ఖాళీగా వదిలి, జేబులో మాత్రలు దొరికిన మర్నాటిదైన డెబ్భయ్యో గడికి వెళ్లాను. అక్కణ్ణుంచి ఒక్కో సంతకం మీద, మెలిక మీదుగా, గీత కొట్టుకుంటూ వచ్చాను. అంతకు ముందువి ముట్టుకోలేదు. అవి నమ్మి పెట్టినవి.