ఏడో నంబర్ బెడ్ పేజీ

తప్పు నాది కాదని వదినకి ఫోన్లోనే తేల్చి చెప్పేశాను. ఆసుపత్రి రికార్డుల్లోని ఎక్స్ఎమ్ఎల్ ఫైళ్లు తీసుకుని, వాటి రూపం మార్చే ఎక్స్ఎస్ఎల్‌టీతో ఒక్కో రోగికి బ్రౌజర్లో తెరుచుకునే ఒక్కో ఎక్స్‌హెచ్‌టీఎమ్ఎల్ పేజీ తయారుచేసే ప్రోగ్రాం రాసింది నేనే. వార్డు పేజీలన్నిటినీ ఆ పొద్దునే, కోడ్ తప్పులు పట్టే వ్యాలిడేటర్‌తో తనిఖీ చేయించాను. ఒక్క తప్పూ లేదంది.

"నీ వ్యాలిడేటర్ వచ్చి ఇంజెక్షన్లు చేస్తుందా? పొద్దున ఎమర్జెన్సీలోంచి వచ్చిన ముగ్గురికీ మందుల పట్టికే లేదు. పదకొండింటి నుంచి కాగితం చార్టులు బీరువాలోకి పోతాయి. ఆ తర్వాత మాకు ఈ స్క్రీనే దిక్కు. వచ్చి చూడు," అంది వదిన.

వదినంటే మా ఆయన అక్క. ఆ వార్డుకి హెడ్ నర్సు. నాకు వంకలు పెట్టడమంటే ఆవిడకి మహా సరదా. ఒళ్లు మండిపోతున్నా వెళ్లాను.

చూస్తే నిజమే. ఏడో బెడ్ పేజీలో పేరు, వయసు, 'పడని మందులు' అనే చిన్న పెట్టె. అంతే, పేజీ సరి. ఆ పెట్టెలో ఏవో కోడ్ ముక్కలు ఇరుక్కుని ఉన్నాయి. పక్క బెడ్ పేజీ మాత్రం శుభ్రంగా ఉంది.

నాకు తల కొట్టేసినట్టయింది. పెట్టెలో రాయడానికేమీ లేకపోతే, దాని మొదలూ చివరా చెప్పే గుర్తుల్ని, అంటే తెరిచే ట్యాగునీ మూసే ట్యాగునీ కలిపి నా ప్రోగ్రాం ఒక్కటిగా కుదించేస్తుంది. ఎక్స్ఎమ్ఎల్ లెక్కలో అది ఒప్పే, అందుకే వ్యాలిడేటర్ తలూపింది. బ్రౌజర్ మాత్రం దాన్ని మామూలు హెచ్‌టీఎమ్ఎల్‌గా చదివి, పెట్టె ఇంకా మూయలేదనుకుని, కిందున్న మందుల పట్టికనంతా అందులోకే మింగేసింది. నేను బ్రౌజర్లో తెరిచి చూసుకున్నవి రెండే పేజీలు. సిగ్గు లేకపోతే సరి.

"మరి పక్క బెడ్ది ఎందుకు బాగుంది?" అన్నాను.

"అందులో 'లేవు' అని నేను రాశాను కాబట్టి. ఏడోది ఎమర్జెన్సీ వాళ్లు నింపింది. నా చేతి మీదుగా పోయే చార్టులో ఏ గడీ ఖాళీగా ఉండదు తల్లీ."

పెట్టె ఖాళీ అయితే అందులో ఒక స్పేస్ పడేలా మార్చాను. పట్టిక టక్కున ప్రత్యక్షమైంది, పదకొండింటి ఇంజెక్షన్‌తో సహా.

"ఇదిగో, కళ్లారా చూసుకోండి. ఇక కాగితాలు పంపించెయ్యండి," అన్నాను.

వదిన కదల్లేదు. "పెట్టె ఖాళీగానే ఉందిగా?"

"పడనివేం లేవన్నమాట!"

"లేకపోతే లేవని రాస్తాం. ఖాళీ అంటే ఎవరూ అడగలేదని."

"అబ్బబ్బ, మీ చాదస్తం..." అంటుండగానే ఆవిడ ఏడో బెడ్ దగ్గరికి వెళ్లిపోయింది. అక్కడ పడుకున్న పెద్దావిడకి ఆ ఇంజెక్షన్ పేరు చెప్పి, "ఇదెప్పుడైనా చేయించుకున్నారా పెద్దమ్మా?" అని అడిగింది.

"అమ్మో, ఆ పేరెత్తకు! పోయినసారి అది చేస్తే మొహం వాచిపోయి, ఊపిరాడక చచ్చి బతికాను. ఇక్కడ నన్నెవరూ అడగనే లేదే!"

గోడ గడియారంలో పదకొండుకి పది నిమిషాలు తక్కువ. వదిన డాక్టరుకి ఫోన్ చేసి ఆ ఇంజెక్షన్ ఆపించింది. పెద్దావిడ చెప్పిందంతా పెట్టెలో తనే టైపు చేసింది.

నేను కుర్చీ లాక్కుని, పెట్టిన స్పేస్ తీసేశాను. పెట్టె ఖాళీగా వస్తే 'అడగలేదు' అని ఎర్రటి అక్షరాలు పడేలా రాశాను. అలాగైతే ఏ బ్రౌజరూ దేన్నీ మింగదు. ఎమర్జెన్సీలోంచి వచ్చిన మిగతా ఇద్దరి పేజీల్లోనూ ఆ మాటే ఎర్రగా మెరిసింది.

"ఏమ్మా, కాగితాలు పంపించెయ్యమంటావా?" అంది వదిన.

"ఉండనివ్వండి వదినా," అన్నాను. "ముందు ఆ ఇద్దరినీ అడిగి రండి."