పరగడుపు గోలీ

పెళ్లయిన రెండో ఏడు అఖిల చేతులు మొద్దుబారాయి. రుద్రంగిలో ఆ వాడ మొత్తం మీద ఆమె అంత వేగంగా బీడీలు చుట్టేవాళ్లు లేరని పేరు. అలాంటిది చాట ఒళ్లో పెట్టుకుని, సగం చుట్టిన ఆకు వేళ్ల మధ్య ఉండగానే కునుకు తీసేది. మొహం ఉబ్బింది. దువ్వితే జుట్టు ఉండలుగా ఊడి వచ్చేది. నడి వేసవిలో కూడా తెల్లవారుజామున దుప్పటి వదిలేది కాదు. భర్త సంతోష్ దోహాలో డ్రైవర్. వీడియో కాల్‌లో ఆమెను చూసి, తిని పడుకోవడం తప్ప పనేం లేదా అని నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది.

ఆమెది బద్ధకం కాదని మొదట నమ్మింది అత్త సత్తవ్వే. పని చేసే పిల్ల ఊరికే కూలబడదని, తనే వెంటబెట్టుకుని కోరుట్లకు తీసుకుపోయింది. రక్తపరీక్షలో థైరాయిడ్ తక్కువగా ఉందని తేలింది. గొంతులో ఉండే గ్రంథి సరిగా పనిచేయడం లేదని, అది ఇవ్వాల్సినదాన్ని ఇకమీదట ఈ గోలీ ఇస్తుందని డాక్టరమ్మ చెప్పింది. పొద్దున్నే పరగడుపున నీళ్లతో వేసుకోవాలి. చాయ్ అయినా సరే కాసేపు ఆగి తాగాలి. బాగయిందని మానకూడదు. నెల తప్పితే మాత్రం ఆలస్యం చేయకుండా రావాలి, అప్పుడు మోతాదు పెంచాల్సి వస్తుంది. ఈ చివరి మాట చెప్పేటప్పటికి సత్తవ్వ బయట చెప్పులు వేసుకుంటోంది. విన్నది అఖిల ఒక్కతే.

గోలీ పనిచేసింది. ఒకటి రెండు నెలల్లో మొహం వాపు తీసింది, నిద్రమత్తు వదిలింది. సంతోష్ సెలవు మీద వచ్చి వెళ్లాక వానాకాలంలో నెల తప్పింది.

సత్తవ్వ సంతోషానికి పట్టపగ్గాలు లేవు. దాని వెనకే భయం కూడా ఉంది. సంతోష్ కంటే ముందు ఆమెకు పుట్టిన ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారు. పక్కింటి ఎల్లవ్వ వచ్చి, గోలీలు మింగిన ఎవరికో అవిటి పిల్ల పుట్టిందని చెప్పిపోయిన రోజు సత్తవ్వ అన్నం ముట్టలేదు. సాయంత్రం కోడలి పక్కన కూర్చుని బతిమాలింది.

"కడుపుల పిల్ల ఉండంగ గీ వేడి గోలీలేంది బిడ్డా. కాన్పు అయ్యేదాక ఆపు. అటెన్క నీ ఇష్టం."

డాక్టరమ్మ అన్న మాట అఖిల చెప్పింది. వాళ్లు అట్లనే అంటరని సత్తవ్వ కొట్టిపారేసింది. సంతోష్‌కు ఫోన్ చేస్తే, ఇద్దర్ని పోగొట్టుకున్న మనిషికి తెలియదా, అవ్వ చెప్పినట్టు విను అన్నాడు.

కోరుట్ల ఏమంత దూరం? బస్సు ఉంది, ఆటోలున్నాయి. అఖిల పోలేదు. ఆ ఇంట్లో అడుగుపెట్టాక మొదటిసారి అందరూ ఆమెను మెచ్చుకుంటున్న రోజులవి. సత్తవ్వ బీడీల చాట ముట్టనిచ్చేది కాదు. సంతోష్ రోజుకు రెండుసార్లు ఫోన్ చేసి తిన్నావా అని అడిగేవాడు. అదంతా చెడగొట్టుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు. గోలీ మానేసింది.

నాలుగో నెలలో కడుపు నిలవలేదు. జగిత్యాల ఆసుపత్రిలో అంతా అయిపోయాక, అక్కడి డాక్టరు పరీక్షల కాగితాలు చూసి గోలీలు ఎందుకు ఆపావని అడిగాడు. దీనివల్లే పోయిందని ఖాయంగా అనలేను గానీ, ఆపకుండా ఉండాల్సింది అన్నాడాయన.

పలకరించడానికి వచ్చినవాళ్లతో సత్తవ్వ ఒకటే మాట చెప్పింది. అంతకుముందు మింగిన గోలీలే గర్భసంచిని ఎండగొట్టాయట. లోపలి గదిలో పడుకుని అఖిల అంతా విన్నది. మళ్లీ గోలీ మొదలుపెట్టింది. ఎవరూ వద్దనలేదు. ఎవరూ దాని ఊసెత్తలేదు.

మరుసటి చలికాలానికి సత్తవ్వ గొంతు బొంగురుపోయింది. కాళ్లు ఉబ్బాయి, కనుబొమ్మలు పలచబడ్డాయి. ఎప్పుడూ చలి అంటూ పొయ్యి దగ్గరే కూర్చునేది. చెప్పిన మాట మరిచిపోయేది. వయసు మీద పడుతోందని అందరూ అన్నారు. అఖిల మాత్రం గుర్తుపట్టింది. గుర్తుపట్టి ఊరుకుంది. ముసలమ్మ గోడ పట్టుకుని నడుస్తుంటే చూస్తూ బీడీలు చుట్టింది. అలా చూడగలుగుతున్నందుకు తనంటే తనకే భయం వేసేది.

ఒకనాడు సత్తవ్వ పొయ్యి ముందే నిద్రలోకి జారింది. కొంగు అంటుకుంది. అఖిల చేత్తోనే ఆర్పి, మరునాడు ఆమెను కోరుట్లకు తీసుకుపోయింది. అదే డాక్టరమ్మ, అదే పరీక్ష, అదే రోగం. పెద్ద వయసు కాబట్టి చిన్న మోతాదుతో మొదలుపెట్టమని రాసిచ్చింది.

బస్‌స్టాండ్‌లో కూర్చుని ఉండగా సంతోష్ ఫోన్ చేశాడు. అన్నీ ఓపిగ్గా అడిగాడు. ఒక్క పొద్దు కూడా తప్పనియ్యకు, నేను రోజూ ఫోన్ చేసి యాది చేస్తా అన్నాడు.

"అవ్వ ఏస్కుంటే మందు. నేను ఏస్కుంటే ఇషమా?" అంది అఖిల.

హలో, హలో, ఇనవడ్తలేదు అన్నాడు సంతోష్. అతని వెనకాల ఎవరో దగ్గడం కూడా అఖిలకు స్పష్టంగా వినిపిస్తోంది. ఫోన్ కట్టేసింది.

పక్కనున్న సత్తవ్వ విన్నది. మందుల కవరు ఒళ్లో పెట్టుకుని దాని అంచు మడతపెట్టింది.

"అప్పుడు నాకు తెల్వదు బిడ్డా."

"నాకు తెల్సు అత్తమ్మా. తెల్సే ఇడ్శిపెట్టిన. నీకు గిదే రోగమని గూడ ఎప్పుడో తెల్సు. చెప్పలే."

సత్తవ్వ తలెత్తి కోడలి మొహంలోకి చూసింది. తిడుతుందనుకుంది అఖిల. తిట్టినా బాగుండేది. బస్సు వచ్చింది. సత్తవ్వ కోడలి చెయ్యి పట్టుకోకుండా, కడ్డీ పట్టుకుని తనే ఎక్కింది.

ముసలమ్మ కోలుకుంది. గోలీ గుణం వాడంతా చెప్పుకుంది. అఖిల కడుపు పోయిన సంగతి వస్తే మాత్రం లేచి వెళ్లిపోయేది. తను మాన్పించానని గానీ, మునుపు చెప్పింది తప్పని గానీ ఏనాడూ అనలేదు. ఎండలు ముదరకముందే అఖిల సిరిసిల్లలో చెల్లెలు అలేఖ్య ఇంటికి చేరి, బట్టలు కుట్టే కంపెనీలో పనికి కుదిరింది. అత్తకు గోలీ ఎట్లా వేసుకోవాలో నేర్పి మరీ వచ్చింది.

సంతోష్ సెలవు మీద వచ్చి సిరిసిల్లకు వెళ్లాడు. ఇంటికి రమ్మన్నాడు, పిల్లలు కావాలన్నాడు. ముందు తనతో కోరుట్లకు వచ్చి, డాక్టరమ్మ ముందు కూర్చుని ఆమె చెప్పేది చెవులారా వినమంది అఖిల. అతను ఫోన్‌లో తేదీ చూసుకున్నాడు. సెలవు తక్కువుంది, వచ్చేసారి పోదాం అన్నాడు.

ఆ వారమే దోహాకు తిరిగి వెళ్లిపోయాడు. అతను విమానమెక్కిన రోజు కూడా అఖిల సిరిసిల్లలో పనికి వెళ్లింది.