నారేపి మొద్దు

ఆదివారం పొద్దున అనంతపురం బస్సు ఇంకా రాకముందే ఆదెన్న వచ్చి వనం గేటు దగ్గర నిలబడ్డాడు. పదకొండేళ్లుగా ఆ హద్దు లోపల అడుగుపెట్టని మనిషి. ఆయన్ని చూడగానే కావలి ఎర్రిస్వామి కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు.

"ఏమప్పా ఎర్రిసామీ, ఇది ఇప్పుడు సర్కారుదంట గదా. పల్లె కట్టుబాటు ఈడ చెల్లదంటాండారు. నాకు కండ్లు మసకలు కమ్ముతాండాయి. ఇంకో ఏడాదికి ఏమీ కనపడదు. ఒక్కతూరి లోపలికి పిల్చకపో."

"రా మామా," అన్నాడు ఎర్రిస్వామి. రావద్దని చెప్పే ముఖం తనకెక్కడుంది?

వనమంటే పెద్ద అడవేం కాదు. బత్తలపల్లెకు ఆవల గుట్ట కింద ఐదెకరాలు. చుట్టూ ఎటు చూసినా రాళ్లు, ఎర్రమట్టి, వానకోసం నోరు తెరిచిన చేలు. ఆ నడుమ గొడ్డలి ఎరగని చెట్లు, నారేపి, సండ్ర, బిల్లుడు, మొదళ్లు ఇద్దరు మనుషులు చేతులు చాపినా అందనివి. మల్లప్ప దేవుడి సొత్తని తాతల నాటి నుంచి ఎవరూ పుల్ల విరవలేదు. రెండేళ్ల కిందట అడవిశాఖవాళ్లు వచ్చి కంచె వేసి, బాట తీసి, పార్కు అని బోర్డు పెట్టారు. ఊళ్లోవాడే ఉంటే మేలని ఎర్రిస్వామికి ఖాకీ చొక్కా ఇచ్చారు. ఎవరికి ఇవ్వాలో వాళ్లకేం తెలుసు పాపం.

ఆ వనానికి ఒక కట్టుబాటు ఉండేది. లోపల చెట్టు మీద ఎవరైనా కత్తి పెడితే, పెట్టినవాడు తనంతట తాను దేవుడి ముందు ఒప్పుకునేదాకా ఊళ్లో ఎవరూ లోపలికి పోకూడదు. మామూలు రోజుల్లో అది పెద్ద బాధ కాదు. పదకొండేళ్ల కిందటి కరువు ఏడు అలా కాదు. బావులన్నీ ఎండిపోయి, ఊరంతటికీ వనంలో ఉన్న చెలమ నీళ్లే దిక్కయ్యాయి.

ఆ ఏడే ఎర్రిస్వామి కత్తి పెట్టాడు. రెండెద్దుల్లో ఒకటి చచ్చింది. రెండోది లేవలేక కొట్టంలో పడుకుని ఉంది. నారేపి ఆకంటే పశువులకు ప్రాణం. ఊరంతా గంజికేంద్రానికి పోయిన మధ్యాహ్నం వేళ, ఆదెన్న మేకల దొడ్డికి ఆనించి ఉన్న దోటి, పొడుగాటి గడకు కొడవలి కట్టింది, అడక్కుండా తీసుకుని పోయి వనంలో అన్నిటికంటే పాతదైన నారేపిని కోశాడు. మూడు రోజులు వరసగా, కొమ్మకు ఆకు మిగలకుండా. ఆ ఎండలకు చెట్టు మళ్లీ చిగురించలేదు. నిలువునా ఎండి, తర్వాత గాలికి విరిగి కూలి, మొద్దు మాత్రం మిగిలింది. పోనీ, ఇంతా చేస్తే ఎద్దన్నా బతికిందా అంటే అదీ లేదు. నెల తిరక్కుండా చచ్చింది.

బోడిచెట్టు కంటపడగానే పెద్దలు వనం మూసేశారు. రెండు రోజులు చెలమలో ఎవరూ కడవ ముంచలేదు. పిల్లలు నాలుకలు పిడచకట్టి ఏడుస్తుంటే ఎర్రిస్వామి గుంపులోనే నిలబడి ఉన్నాడు. మూడోనాడు పొద్దున ఆదెన్న ముందుకొచ్చి, "నేనే కోసినా, మేకల కోసం," అన్నాడు. పెద్దలు వయసు చూసి కొట్టకుండా వదిలి, ఆయన్ని బతికినన్నాళ్లూ వనంలో కాలు పెట్టొద్దన్నారు. మేకలవాడు, ఇంకేం చేస్తాడు అని ఊరు ఊసింది. చెలమ తెరిచారు. ఆ నీళ్లు ఎర్రిస్వామి కూడా తాగాడు. సిగ్గులేని గొంతు, దిగాయి.

అప్పటినుంచి ఎర్రిస్వామి మనసులో ఒకటే లెక్క. పిల్లల దాహం చూడలేక ఆదెన్న లేని తప్పు నెత్తినేసుకున్నాడు, అంత ధర్మాత్ముడు అడిగితే మన్నించకపోడు, ఆయన పోకముందే చెప్పేయాలి. ఏటా ఉగాదికి చెప్తాననుకోవడం, ఏటా మింగేయడం. పోనీ మింగి ఊరుకున్నాడా? పార్కుకు వచ్చినవాళ్లు ఆ మొద్దు చూసి అడిగితే, "కరువులో ఒక మేకలోడు పాడు చేసినాడు సార్," అని చెప్తూ వచ్చాడు. వాళ్లు చీ అని ఊస్తుంటే తలూపేవాడు కూడా.

ఇప్పుడు ఆ ఆదెన్నే చెట్టు చెట్టునూ చేత్తో తడుముతూ నడుస్తున్నాడు. "ఇది సండ్ర. ఇదేమో బిల్లుడు. బాగా లావయ్యిందప్పా," అని మురిసిపోతున్నాడు.

ఏదో ఒకటి మాట్లాడాలని ఎర్రిస్వామి, "మీ ఓబన్న జాబేమన్నా రాసినాడా మామా?" అన్నాడు. ఓబన్న ఆదెన్నకు ఒక్కడే కొడుకు. కరువు ఏడే ఊరొదిలి పోయాడు. ఆదెన్న ఇంకో చెట్టు దగ్గరికి నడిచాడు.

మొద్దు దగ్గరికి చేరేసరికి బస్సు దిగిన జనం వెనకనే వచ్చారు. పంచె కట్టిన అయ్యవారొకాయన ఆగి అడిగాడు, "ఏమయ్యా, ఇంత చెట్టు ఏమైపోయింది?"

ఎర్రిస్వామికి అలవాటైన మాట నాలుక మీదికి వచ్చింది. పక్కనే ఆదెన్న మొద్దు మీద చెయ్యి వేసి, తలొంచుకుని, ఆ మాటను మోయడానికి సిద్ధంగా నిలబడి ఉన్నాడు. అది చూసి ఎర్రిస్వామికి తన బతుకు మీదే అసహ్యం వేసింది.

"నేనే పాడు చేసినా సార్," అన్నాడు. "నేనే కోసినా మామా. నువ్వు కాదు, నేను."

అయ్యవారు ఇద్దరి ముఖాలూ చూసి, మిగతావాళ్లను తీసుకుని నెమ్మదిగా ముందుకు పోయాడు.

ఆదెన్న మొద్దు మీది చెయ్యి తీశాడు. "దేంతో కోసినావు?" అన్నాడు.

"నీ దోటితోనే మామా. దొడ్డికాడ ఉంటే తీసుకోని, మళ్లీ ఆడనే పెట్టినా."

ఆదెన్న అట్లాగే నేల మీద కూలబడ్డాడు. "ఆ కొడవలికి పచ్చాకు అంటుకోని ఉండె. ఇంట్లో దోటి పట్టేటోళ్లం ఇద్దరమే. నేను కొయ్యలా. ఇంకెవురనుకుంటానప్పా?"

ఎర్రిస్వామికి అర్థమవుతోంది, అర్థం కాకుండా ఉంటే బాగుండనిపిస్తోంది. "పిల్లోల్ల నీళ్ల కోసం ఒప్పుకున్నావనుకున్నా మామా."

"నీళ్ల కోసమా? వాన్ని నలుగుర్లో కట్టేసి కొడతారని ఒప్పుకున్నా. ఇంటికి పోయి వాన్ని నిలదీసినా. వాల్లమ్మ తల మీద చెయ్యి పెట్టి, నేను కాదు నాయనా అన్నాడు. దొంగ ప్రమాణం చేస్తాండావా అని చెప్పు తీసుకోని కొట్టినా. నా మొగం సూడొద్దు పోరా అన్నా. పోయినాడు."

ఎర్రిస్వామి ఆయన కాళ్ల మీద పడ్డాడు. "నన్ను కొట్టు మామా. ఊళ్లోకి పిల్చకపోయి కొట్టు."

"నిన్ను కొడితే వాడొస్తాడా? లెయ్," అన్నాడు ఆదెన్న. గొంతులో కోపం కూడా లేదు. "అయినా నాకెందుకు చెప్తాండావు? నేను కొయ్యలేదని నాకు తెలీదా? పోయి ఓబన్నకు చెప్పు."

"చెప్తా మామా. ఇప్పుడే పోతా. యాడుండాడు?"

ఆదెన్న తలెత్తి మసకకండ్లతో ఎర్రిస్వామి వైపు చూశాడు.

"నాకు తెలీదప్పా. దొంగ కొడుకని పదకొండేండ్లు ఎవుర్నీ అడగలా."