లాగని యంత్రం

స్ట్రెచర్ పరుపు కింద ఎండిపోయిన వాంతిని ఆమె పాత చాకు మొనతో గీకుతోంది. అంతకుముందు షిఫ్టు వాళ్లు పైపైన తుడిచి, మీద ఉతికిన దుప్పటి కప్పి వెళ్లిపోయారు. ఫినాయిలు పోసినకొద్దీ కంపు తగ్గకపోగా రెండూ కలిసి గొంతులోకి దిగుతున్నాయి. ఇన్నేళ్ల అంబులెన్సు కొలువులో రక్తం అలవాటైంది, చీమూ అలవాటైంది. మనుషులు చేసే ఈ పైపూత పనులు మాత్రం ఇప్పటికీ అలవాటు కాలేదు.

ఇంటి పెరటి గుమ్మం దగ్గర ఆమెకు వేరే బకెట్టు ఉంటుంది. స్నానం కానిదే భర్త లోపలికి రానివ్వడు. అయ్యాక కూడా, చేతులు వాసన చూసి గానీ కూతురు జడ వేయించుకోదు.

పరుపు సర్ది, రోగి గొంతులో అడ్డుపడినవి పీల్చి లాగే యంత్రాన్ని ఆన్ చేసింది. అది గురక పెట్టిందే తప్ప గిన్నెలోని నీళ్లు చుక్కయినా పీల్చలేదు. దాని పైపు చీలి చాలాకాలమైంది. షెడ్డు సూపర్‌వైజరు బండికి కొత్త స్టిక్కర్లు అంటించి, వెనక్కి జరిగి మురిపెంగా చూసుకుంటున్నాడు.

"సార్, దీని సంగతేంటి?"

"ఇంకొన్నాళ్లు దాంతోనే లాగించమ్మా."

"లాగట్లేదనే కదండీ చెప్పేది."

డ్రైవరు నవ్వాపుకోలేక తల తిప్పుకున్నాడు. "అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని. మన బండీ అంతే అక్కా," అన్నాడు గొంతు తగ్గించి.

మధ్యాహ్నం పిలుపొచ్చింది. ఇరుకు మెట్ల మేడ మీద ఇల్లు. మంచం మీద ముసలాయన తన వాంతిలోనే ఒరిగి ఉన్నాడు. కొడుకూ కోడలూ గుమ్మం అవతలే ముక్కుకు రుమాళ్లు అడ్డుపెట్టుకుని నిలబడ్డారు.

"పొద్దుట్నుంచీ ఇంతే," అన్నాడు కొడుకు.

పొద్దుట్నుంచీ ఆ మొహం తుడిచిన చెయ్యి లేదు. గడ్డం మీద చారలు ఎండి అట్టకట్టాయి.

"ఓ చెయ్యి వెయ్యండి బాబూ, కిందికి దించాలి."

కొడుకు తన చొక్కా వంక చూసుకున్నాడు. "ఎవరినైనా పిలుస్తానుండండి," అన్నాడు.

ఎవరో వచ్చేదాకా ఆగే వీల్లేదు. ఆమే, డ్రైవరూ దుప్పటితోనే ఎత్తి దించారు.

బండి కదిలాక ముసలాయనకు మళ్లీ కక్కు వచ్చింది. ఊపిరి గురగురమంది. యంత్రం గురక పెడుతూనే ఉంది. ఆమె ఆయన్ను పక్కకు తిప్పి, వేళ్లకు గుడ్డ చుట్టుకుని నోట్లోది తోడింది. దాంతోపాటు కట్టుడు పళ్ల సెట్టు ఊడి ఆమె అరచేతిలో పడింది. ఆయన కళ్లు తెరిచాడు.

"నీ మీద పడిందమ్మా... ఏమనుకోకు."

"అనుకోడానికేముంది బాబాయ్. కడిగితే పోతుంది."

"కంపు..."

"నాకేం రావట్లేదు."

ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గొంతు మళ్లీ పూడుకుంది. ఆమె తోడుతూనే ఉంది, లోపలున్నది వేళ్లకు అందలేదు. ఆసుపత్రి గేటు దాటుతుండగా ఆ పట్టు సడలింది. డాక్టరు పరుగున వచ్చేదాకా ఆమె ఛాతీ నొక్కుతూనే ఉంది. డాక్టరు చూసి, తల అడ్డంగా ఊపాడు.

కొడుకు చొక్కా మార్చుకుని వచ్చాడు. ఆమె గుడ్డలో చుట్టిన పళ్లు అందించబోయింది.

"మీ నాన్నగారివి."

"ఛీ, అవెందుకు? అవతల పారెయ్యండి."

ఆమెకు ఆ పూటకి మొదటిసారి నిజంగా వాంతి వచ్చినంత పనైంది. అప్పుడే సూపర్‌వైజరు ఫోను.

"బండి వాసనొస్తోందట. కాస్త సెంటు కొట్టించమ్మా."

"సెంటు వద్దు, పైపు పంపండి. అదొచ్చేదాకా నేను ఆ బండెక్కను."

"ఉద్యోగం చెయ్యాలనుందా లేదా?"

"పైపు పంపండి," అని ఫోను పెట్టేసింది.

కుళాయి కింద పళ్ల సెట్టును సబ్బుతో సందుసందునా తోమింది. ఆయన నోట్లో పెడదామని పట్టుకెళ్తే, అప్పటికే దవడ బిగించి గుడ్డ కట్టేశారు. తిరిగొచ్చి, ఏం చెయ్యాలో తోచక, కుళాయి గట్టు మీద శుభ్రమైన గుడ్డ పరిచి దాని మీద ఉంచింది. డ్రైవరు పిలిస్తే వెళ్లింది గానీ, బండెక్కలేదు.

గులాబిరంగు చిగుళ్లతో, నీళ్లోడుతూ, తళతళలాడుతూ ఆ పళ్లు అక్కడే ఉన్నాయి.