ఉడుము ముఖం

నలభై ఏళ్ల కిందటి పిల్లల మాసపత్రికలోని మెరుపు కిశోర్‌ను ఇప్పటి పిల్లలకు తగ్గట్టు మళ్లీ పుట్టించాలని కామిక్ కంపెనీ అనుకుంది. ఆ పని అక్కడ బొమ్మలు గీసే గ్లోరీ చేతికొచ్చింది. పాత కిశోర్ దొరల గడీలో పుట్టిన పదహారేళ్ల సూపర్ హీరో. తెల్లటి ముఖం, పట్టు అంగీ, పిడుగు ఇచ్చిన బలం. ఆ బొమ్మలు ముందేసుకుని కూర్చుంటే గ్లోరీకి నవ్వొచ్చింది. వాళ్ల వాడలో ఇట్లాంటి పిల్లవాణ్ని ఎవరు చూశారు గనక?

పెన్సిల్ తీసుకుని తమ్ముడు విజేందర్ ముఖం గీసింది.

విజేందర్ హాస్టల్లో చదువుకుంటూ భువనగిరి గుట్ట మీద రాళ్లెక్కడం నేర్చాడు. తాడు లేకుండానే పాకేవాడు. పదిహేడో ఏట, ఊళ్లో పెద్ద రైతు బిడ్డతో మాట్లాడుతున్నాడని ఆమె చిన్నాయనలు అతణ్ని ఊరవతలి బోడగుట్ట దాకా తరిమారు. మర్నాడు గుట్ట కింద దొరికాడు. కాలు జారిందని పోలీసులు రాసుకున్నారు. తల్లి సుక్కమ్మ స్టేషన్ ముందు కూర్చుని ఏడిస్తే, ఒక కానిస్టేబుల్ బకెట్ నీళ్లు గుమ్మరించి లేపాడు.

గ్లోరీ గీసిన కిశోర్ చెయ్యి రాయిని పట్టుకుంటే వదలదు. అతడు ఎక్కడి నుంచీ పడడు.

"మస్తుంది గ్లోరీ! గా కండ్లు సూడు, పిలగాడు బతికొచ్చినట్టే ఉన్నది," అన్నాడు కంపెనీ యజమాని అమరేందర్.

ఆ మాటకు ఆమె ఆగలేక తమ్ముడి సంగతంతా చెప్పేసింది. అతడు ఓపిగ్గా విని, "ఫికర్ జెయ్యకు, నేను సూసుకుంట," అని, ఆమె గీసిన బొమ్మలు తీసుకుని మిగతా పనంతా తన చేతిలో పెట్టుకున్నాడు.

పుస్తకం విడుదల భువనగిరిలోనే పెట్టారు. గ్లోరీ తల్లిని వెంటబెట్టుకుని వెళ్లింది. హాలు నిండా బడిపిల్లలు. తెర లేచింది. పోస్టర్ మీద కిశోర్ తెల్లగా, రంగేసిన జుట్టుతో, ఖరీదైన బూట్లతో నిలబడి ఉన్నాడు. ఆ బూటు తన్నుకు గుట్ట మీంచి తలకిందులుగా పడుతున్నవాడి పేరు ఉడుము. ఆడపిల్లల వెంటపడే దుర్మార్గుడు. ముఖం విజేందర్‌ది.

పిల్లలు ఈలలు వేశారు.

గ్లోరీ అమరేందర్ ముందుకు ఉరికింది. "సార్, గాడు మా తమ్ముడు!"

"ఎరికే. అందుకే గంత నిజమనిపిస్తాంది. గా మొకం హీరోకు నడువదని అమ్మేటోళ్లు అన్నరు. నువ్వు జెప్పిన కథే గదా, ఏం మార్చిన? పిల్ల ఎంట వడ్డడు, గుట్టెక్కిండు, సచ్చిండు."

"ఎంట వడలే! వాణ్ని తరిమి సంపిన్రు!"

"సిన్నపిల్లలకు గన్ని జెప్తమా? అట్ట మీద నీ పేరే ఏయించిన, సంతోషపడు."

ఆమె వేదికెక్కి పోస్టర్ చింపింది. ఇద్దరు ఆమెను రెక్కలు పట్టి దింపేశారు. అది కూడా ఆటలో భాగమనుకుని పిల్లలు చప్పట్లు కొట్టారు.

వెనక వరుసలో సుక్కమ్మ ఒడిలో పుస్తకం తెరిచి ఉంది. ఆమెకు చదువు రాదు. పక్కనున్న బడిపిల్లను అడుగుతోంది: "పడేటప్పుడు పిలగాడు ఏమన్నడు బిడ్డా?"

పిల్ల వేలుపెట్టి చదివింది. "'అమ్మా' అని ఒర్రిండు అవ్వా."

సుక్కమ్మ పుస్తకాన్ని కొంగులో చుట్టుకుంది. గ్లోరీ గుంజుకోబోతే ఇవ్వలేదు.

గ్లోరీ ఉద్యోగం పోయింది. పుస్తకం మాత్రం బాగా అమ్ముడైంది. పిల్లలకు ఉడుము నచ్చాడు కాబట్టి ప్రతి సంచికలో అతణ్ని బతికించి మళ్లీ చంపుతున్నారు. ఒకసారి డ్యామ్ మీంచి, ఒకసారి సెల్ టవర్ మీంచి. ఇప్పుడు బొమ్మలు వేరెవరో వేస్తున్నారు. సుక్కమ్మ ప్రతి సంచికా కొనుక్కొచ్చి ఆ ముఖాన్ని అద్దంలా దగ్గరగా పెట్టుకుని చూస్తుంది.

"ముక్కు గలత్ గీసిన్రు బిడ్డా," అంది ఒక మధ్యాహ్నం. "జర్ర జర్ర వేరే పిలగాడు అయితాండు. నువ్వే గీయరాదూ?"

"గీస్తే సంపాలె గదమ్మా!"

"వాళ్లు ఎట్లయినా సంపుతరు. మొకమన్న వానిదుండనీ."

గ్లోరీ పాత పెన్సిల్ తీసి చెక్కింది. తర్వాత అమరేందర్‌కు ఫోన్ చేసి, పని ఉందా సార్ అని అడిగింది.

"ఉన్నది. ఈసారి వాణ్ని లారీ కింద ఎయ్యాలె," అన్నాడతను.