నాలాంటి పిల్లలు

…అయినా కోపం నాకెందుకు రావాలి? నేను ఒక జిరాక్సు మిషన్‌ని. అద్దం మీద పెట్టినదాన్ని ఉన్నదున్నట్టు దించుతాను. అందులో ఏముందో నాకు తెలియక్కర్లేదని అందరి నమ్మకం. అందుకే మంచి మిషన్ అంటారు. మరి అదే పని చేసిన పిల్లని దొంగ అంటుంటే నా లోపల ఈ సెగ ఏమిటి?

ఫ్యాక్టరీ నుంచి నేరుగా ఈ యూనివర్సిటీ రిజిస్ట్రారు ఆఫీసుకి వచ్చాను. కొత్త మిషన్ రాగానే నన్ను వేలం వేశారు. గేటు బయట షాపువాడు కొన్నాడు. వాడు షాపు ఎత్తేసినప్పుడు ఇదే యూనివర్సిటీ అర్థశాస్త్ర విభాగం నన్ను మళ్లీ కొంది. అమ్మినదాన్నే కొనుక్కునే వీళ్ల అర్థశాస్త్రం నాకు అంతుపట్టదు.

ఇక్కడ ఏటా నా మొదటి పని ఒక నోటీసు: ‘ఇతరుల రచనలు కాపీ కొట్టినవారిపై కఠిన చర్యలు తీసుకోబడును.’ హెచ్చరికలు వేలకు వేలు తీశాను. ఎలా రాయాలో చెప్పే కాగితం మాత్రం ఒక్కటీ నా అద్దం మీదికి రాలేదు.

మొన్న మధ్యాహ్నం విభాగాధిపతి వామనమూర్తి గారు ఎం.ఏ. విద్యార్థిని తబితని నేనున్న తన గదికి పిలిపించారు. భీమిలి దగ్గర ఎండుచేపలు అమ్మే ఆడవాళ్ల మీద ఆమె ప్రాజెక్టు. రిపోర్టులో ఒక అధ్యాయమంతా లైబ్రరీ పుస్తకంలోది. రెండింటికీ నకళ్లు తీసి కమిటీకి పంపితే ఆమెకి ఈ ఏడు డిగ్రీ రాదు. నకలు నేరమని రుజువు చెయ్యడానికీ నకలే కావాలి!

“మాటలు అటూ ఇటూ తిప్పేసుంటే దొరక్కపోదువు కదా పాపా,” అన్నాడు అటెండరు అప్పన్న.

“నువ్వుండవయ్యా,” అని కసిరి, సారు ఆమె వైపు తిరిగారు. “ఇది రాశావా, దించావా?”

“పుస్తకంలో ఉన్నట్టే రాశాను సార్. ఒక్క మాట కూడా తప్పు పోలేదు.”

గర్వంగానే అంది. అదే నన్ను కాల్చింది.

“ఎవరి పుస్తకమో పేరైనా వెయ్యలేదేం?”

“వెయ్యాలా సార్? ఎవరూ చెప్పలేదు.”

“నెల రోజులు భీమిలిలో తిరిగావు. అక్కడ చూసింది ఒక్క ముక్కా లేదే!”

“అది పుస్తకంలో లేదు సార్. టెన్త్‌లో సొంతంగా రాస్తే, ‘నీ కవిత్వం ఎవడడిగాడే’ అని మా మాష్టారు సున్నా వేశారు.”

సారు వేలు నా పచ్చబటన్ మీద ఆగిపోయింది. ఆ వేలిని నేనెరుగుదును. జవాబుపత్రాలు దిద్దేవాళ్లకి ‘కీ’ నకళ్లు తీయించి, “ఇందులో ఉన్నట్టు లేకపోతే మార్కు లేదు” అని పంచింది ఆ చెయ్యే. బళ్లో వేసిన నాటినుంచి పిల్లల్ని నాలాగే తయారుచేస్తారు. తీరా తయారయ్యాక, మిషన్‌లా ఎందుకున్నావని నిలదీస్తారు.

ఆయన నా అద్దం మీది పుస్తకం తీసి, మూసి పక్కన పెట్టారు.

“సరే. ఏం చూశావో చెప్పు.”

“మబ్బు పట్టిందంటే ఇంట్లో దుప్పట్లన్నీ తెచ్చి చేపల మీద కప్పుతారు సార్. ఆ రాత్రి పిల్లలు ఏమీ కప్పుకోకుండానే పడుకుంటారు. తడిసిన చేపని కోళ్లమేతకి అడిగిన రేటుకి ఇచ్చెయ్యాలి.”

“ఇది ఏ పుస్తకంలో ఉంది?”

“ఎందులోనూ లేదు. నేనే చూశాను.”

“ముందు అది రాయి. పుస్తకంలోది కావలసిన చోట, ఫలానా ఆయన ఇలా అన్నాడని చెప్పు. ఆయన మాట నీకు తప్పనిపిస్తే అదీ రాయి.”

“రాయొచ్చా సార్?”

నాకు సంతోషం కలగలేదు. ఇంత చిన్న మాటకి ఇన్నేళ్లా? ఇదే గదిలోంచి తలవంచుకుని వెళ్లిపోయినవాళ్ల కాగితాలన్నీ నా అద్దం మీదుగానే పోయాయి. వాళ్లెవరినీ, ఏం చూశావని ఎవరూ అడగలేదు.

సారు తన పక్కన కుర్చీ వేశారు. తబిత తెల్లకాగితం తీసుకుని, రాయబోయే వాక్యాన్ని ముందు గొణుక్కుంటోంది. నా హోరులో అది ఆయనకి వినపడలేదు కాబోలు, చెయ్యి చాచి గోడ మీద నా స్విచ్చి కట్టేశారు.