పుండు మీది చక్కెర

బోధన్‌లో ఒక చిన్న దవాఖానాలో నేను నర్సును. పేరు జ్ఞానమ్మ. నోరు పెద్దదంటారు. పుండ్లు కడిగే చేతికి నోరు తోడుండాలి మరి.

తొంభై మూడులో ఎడపల్లి నుంచి చెరుకు బండి తోలే హన్మాండ్లు వచ్చాడు. ఒంట్లో షుగర్, మడమ మీద ఎనిమిది నెలలుగా మానని పుండు. "నెలలోగా మానుముఖం పట్టకపోతే పాదం తీసేయాలి" అన్నారు డాక్టరుగారు. పాదం పోతే బండి పోయినట్టే.

పుండు కడిగి, లోపల చక్కెర నింపి కట్టు కట్టాను. పుండులోని చెడు నీటిని చక్కెర లాగేస్తుంది. హన్మాండ్లు లబలబలాడాడు.

"చక్కెర తినద్దంటిరి, గిప్పుడు చక్కెరనే వెడుతున్నరు!"

"నోట్లకు పోతే విషం, పుండుకు మందు. కాలు చాపు అన్నా!"

వారంలో ఎర్రటి కొత్త కండ కనిపించింది. రోజూ రాలేనంటే, కట్టు కట్టే తీరు చూపించి చక్కెర పొట్లాలు ఇచ్చి పంపాను. పొట్లాలు చకచకా అయిపోతున్నాయి, పుండు మాత్రం మళ్లీ వాసన కొడుతోంది. అడిగితే, రోజూ పెడుతున్నానని ఒట్టేశాడు.

ఆదివారం చర్చి అయ్యాక ఎడపల్లి బస్సెక్కాను. హన్మాండ్లు భార్య సాయవ్వ చాయ్ ఇచ్చింది. నోట్లో పెడితే పాకమే.

"షుగర్ ఉన్న ఇంట్ల గింత తీపేంది సాయవ్వా?"

"చక్కెర కొనుడు బందువెట్టి ఏడాదాయె. మీరే పంపుతున్నరట గద సిస్టరమ్మా! గీయిన రోజుకు రెండు మాట్ల తాగుతుండు."

హన్మాండ్లు దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది. అయినా గ్లాసు ఖాళీ చేశాను, మందు వృథా కాకూడదుగా.

"కాలు ఎట్లనన్న పోతదనుకున్న సిస్టరమ్మా," అన్నాడు నేల చూస్తూ. "నోరన్న తియ్యగ జేస్కుందామని..."

కోపం చప్పున దిగిపోయింది. భయం మిగిలింది. గడువు ఇంకా పదిహేడు రోజులే.

మర్నాడు చక్కెరలో పుండుకు రాసే గోధుమరంగు చేదు మలాము కలిపి, డబ్బా సాయవ్వ చేతికిచ్చాను. "ఇగ చాయ్‌ల కలుపుకో అన్నా, చూస్త!" అన్నాను. సాయవ్వ ఒక్క పూట తప్పకుండా కట్టు కట్టింది. గడువు నాటికి పుండు సగానికి తగ్గింది. డాక్టరుగారు మళ్లీ పాదం మాట ఎత్తలేదు.

ఉగాదికి ముందు, హన్మాండ్లు ఫ్యాక్టరీకి చెరుకు తోలి వస్తూ దవాఖాన ముందు బండి ఆపాడు. నన్ను హోటల్‌కు తీసుకెళ్లి, చక్కెర లేని చాయ్ రెండు చెప్పాడు. ఒక్క గుక్కకే నా ముఖం ముడుచుకుంది.

"సప్పగున్నదా సిస్టరమ్మా?" అని నవ్వాడు. "రెండు కాళ్ల మీద నిలవడి తాగుతున్న గద, నాకైతే తియ్యగనే ఉన్నది."